కడబంతి

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూచున్నా ఫరవాలేదని సామెత. ఉద్యోగాల దగ్గర్నుంచి సాహిత్య పురస్కారాల దాకా మనవాళ్ళు దీన్ని తెగ వాడతారు. ఈ సామెతలో వడ్డించేవాడు మగవాడు. పెళ్ళి పందిట్లో తప్ప మగవాడు వడ్డించగా ఎవరు చూశారు? రోజుకి రెండు పూటలు, ఏడాదికి ఏడు వందల ముప్ఫై సార్లు, ఇంట్లో వడ్డించేది ఆడమనిషి. కడబంతిలో కూచునేదీ ఆవిడే. వడ్డించే చెయ్యి తనదే అయినా కడబంతిలో ఆవిడకి ఏమీ మిగలదు. ఈ సామెత కట్టినవాళ్ళకి ఆ సంగతి తట్టనే లేదు.

తెలుగు కథల్లో ఇంటిచాకిరీ అనే విషయం మీద నేను పిహెచ్.డి. చేశాను. ఆ నాలుగైదేళ్ళలో కొన్ని వందల వంటిళ్ళు చదివాను. పొయ్యి, పొగ, అంట్లు, రుబ్బురోలు అన్నీ మన కథల్లో ఉన్నాయి. విమల 'వంటిల్లు' కవితా, 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనమూ వంటింటిని రాజకీయ స్థలంగా చూడటం మనకి నేర్పాయి. అయితే వండటం గురించి రాసినంతగా మనం తినడం గురించి రాయలేదు. వండి, వడ్డించి, గిన్నెలు సర్దిన తర్వాత ఆవిడ ఏం తింది? ఎన్నింటికి తింది? ఇరవయ్యో ఏట తిన్నదీ తిననిదీ అరవయ్యో ఏట ఆవిడ మోకాళ్ళలో, వెన్నులో, గుండెలో ఏమైంది? ఈ ప్రశ్నలకి సాహిత్యంలో దొరికింది తక్కువ కావడంతో నేను నా శాస్త్రం కాని శాస్త్రంలోకి, పోషకాహార చరిత్రలోకి, వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ నాకు తెలుగువాళ్ళ కంచాలు అడుగడుగునా కనిపించాయి.

ముందుగా సర్కారు జిల్లాలు. 1835లో మద్రాసులో మాల్కంసన్ అనే వైద్యుడు బెరిబెరి మీద ఒక పుస్తకం ప్రచురించాడు. కాళ్ళు తిమ్మిరెక్కడం, నీరు పట్టడం, నడవలేకపోవడం, చివరికి గుండె ఆగిపోవడం ఆ జబ్బు లక్షణాలు. ఉత్తర సర్కారుల్లో ఇది ఎక్కువని అప్పటికే పేరు. కారణం మాత్రం తెలియదు. గాలి అన్నారు, తేమ అన్నారు. 1890లలో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్ళకి ఇలాంటి జబ్బే రావడం, తవుడు పెడితే తగ్గడం గమనించాడు. ఆ తవుడులో ఉన్న పదార్థమే థయమిన్, అంటే బి1 విటమిన్. దాన్ని 1936లో ప్రయోగశాలలో తయారుచేసిన రాబర్ట్ విలియమ్స్ 1886లో మన నెల్లూరులో మిషనరీ దంపతులకి పుట్టినవాడు. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఒక్క గదిలో మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధన విభాగం పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకి తరలివచ్చింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కన, తార్నాకలో, బస్సులో వెళుతూ మనం రోజూ చూసే ఆ సంస్థకి మూలం బెరిబెరి.

ఈ కథలో ఆడవాళ్ళెక్కడ? రోలు దగ్గర ఉన్నారు. మరపట్టే మిల్లులు రాకముందు వడ్లు దంచింది ఆడవాళ్ళు. సొంత ఇంటికి కోడళ్ళు దంచారు, పెద్ద రైతుల ఇళ్ళకి కూలి ఆడవాళ్ళు దంచారు. దంపుడు బియ్యంలో తవుడు కొంత మిగిలేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గోదావరి, కృష్ణా డెల్టాల్లో మిల్లులు వచ్చాయి. రోకలి పోటు తప్పింది. అదే పోటుతో కూలి ఆడవాళ్ళకి దంపుడు మీద వచ్చే గింజలూ పోయాయి. మల్లెపువ్వులా తెల్లగా ఉన్న అన్నం పరువైపోయింది. తమిళ జిల్లాల్లో వడ్లు ఉడకబెట్టి ఎండబెట్టి ఆడించే ఉప్పుడు బియ్యం వాడకం ఎక్కువ. ఆ ఉడికించడంలో విటమిన్ గింజలోపలికి ఇంకి కొంత నిలుస్తుంది. అందువల్ల అక్కడ బెరిబెరి తక్కువ. మన సర్కారు జిల్లాల వాళ్ళకి పచ్చి బియ్యం కావాలి, అది తెల్లగా ఉండాలి, నాలుగుసార్లు కడగాలి, గంజి వార్చాలి. కడిగిన నీళ్ళతో కొంత, గంజితో కొంత విటమిన్ పోతుంది. తవుడు గేదె తిన్నది. గంజి పాలేరు తాగాడు, మిగిలింది పంచెలకి పెట్టారు. ఇంటివాళ్ళకి మల్లెపూల అన్నం మిగిలింది.

ఆ అన్నంతో పాటు పప్పూ, కూరా, పెరుగూ తినేవాళ్ళకి అంత ప్రమాదం లేదు. థయమిన్ వాటిలో దొరుకుతుంది. ఎటొచ్చీ అన్నం ఒక్కటే కంచంలో మిగిలేవాళ్ళకి ప్రమాదం. చివర్న తినేవాళ్ళకి మిగిలేది అన్నమే కదా. కూర అడుగూ, పప్పు తేటా, చారూ. అందులోనూ బాలింతలకి పథ్యం పేరుతో కూరలూ పప్పులూ మాన్పించి, పాత బియ్యపన్నం, కారప్పొడి పెట్టే ఆచారం. 1941లో ఐక్రాయిడ్, కృష్ణన్ అనే పరిశోధకులు మద్రాసు రాష్ట్రపు బెరిబెరి ప్రాంతంలో పసిపిల్లల మరణాల మీద ఒక వ్యాసం ప్రచురించారు. తల్లి ఒంట్లో థయమిన్ లేకపోతే పాలలోనూ ఉండదు. చక్కగా పాలు తాగుతున్న బిడ్డ మూడో నెలలోనో నాలుగో నెలలోనో గుండె ఆగి పోతుంది. అలాంటి బిడ్డ చావుకి మన ఇళ్ళలో దిష్టి అనీ, గాలి సోకిందనీ, తల్లిపాలు చెడ్డవనీ పేర్లు పెట్టారు. ఆ తల్లి కంచంలో ఏముందని అడిగిన అత్తగారు ఉంటే ఉండి ఉండవచ్చు, ఆవిడ కథ ఎవరూ రాయలేదు.

1934లో గాంధీ అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘాన్ని పెట్టి దంపుడు బియ్యాన్ని ప్రచారం చేశాడు. ఆరోగ్యం మాటకొస్తే ఆయన చెప్పింది సరైనదే. కానీ దంచే భుజాలు ఎవరివి? నిండు నెలలతో రోకలి పట్టిన ఆడవాళ్ళకి మిల్లు విముక్తే. మా నాయనమ్మ మిల్లుని తలుచుకుని దణ్ణం పెట్టేది. పాత తిండి గొప్పదని రాసేటప్పుడు ఆ తిండి వెనక ఉన్న చాకిరీని కూడా ఆ తూకంలో వెయ్యాలి. విటమిన్ కావాలి, రోకలి వద్దు. ఈ రెండూ కలిపి అడిగే హక్కు మనకుంది.

ఇక విధవల తిండి. బ్రాహ్మణ కుటుంబాల్లో, వాళ్ళని చూసి మరికొన్ని కులాల్లో, భర్త పోయిన స్త్రీకి ఒంటిపూట భోజనం. రాత్రికి ఫలహారమంటే ఏ అట్టో, ఉప్పుడుపిండో. ఏకాదశికి అదీ లేదు. ఉల్లి, వెల్లుల్లి నిషిద్ధం. రుచి కోరితే కోరికలు పెరుగుతాయని భయం. పదేళ్ళకి భర్త పోయిన పిల్ల కూడా ఇదే తిండితో పెరగాలి, ఇంటెడు చాకిరీ చెయ్యాలి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 'అరికాళ్ళ కింద మంటలు'లో రుక్కమ్మ చాకిరీ మనకి తెలుసు. 1881లో వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించాక చర్చంతా పెళ్ళి మీద, శిరోముండనం మీద నడిచింది. ఎదిగే పిల్లకి ఒంటిపూట తిండి పెట్టడం గురించి అంత చర్చ జరగలేదు.

మాది తూర్పుగోదావరి వ్యవసాయ కుటుంబం. మా ఇళ్ళలో ఈ నియమం ఇంత కచ్చితంగా లేదు. అయినా ఈ మధ్య ఒక మాట తరచు వింటున్నాను. చదువుకున్నవాళ్ళు, వ్యాయామం చేసేవాళ్ళు, రోజుకి పదహారు గంటలు కడుపు ఖాళీగా ఉంచుకునేవాళ్ళు అంటున్నారు: "చూశారా, మన పాతకాలం ముత్తవ్వలు ఒంటిపూట తిని తొంభై ఏళ్ళు బతికారు. మన ఆచారాల్లో సైన్సుంది." ఈ మాటని నవ్వి వదిలెయ్యలేం. తక్కువ తింటే ఎక్కువకాలం బతుకుతారా అనేది ఇవాళ నిజంగా పరిశోధిస్తున్న విషయం.

అమెరికాలో కోతుల మీద ఇలాంటి పరిశోధనలు రెండు దశాబ్దాలకు పైగా రెండుచోట్ల జరిగాయి. 2009లో ఒక బృందం తక్కువ తిన్న కోతులు ఎక్కువ బతికాయంది. 2012లో రెండో బృందం తమ కోతుల ఆయుష్షులో తేడా లేదంది. ఆ తర్వాత ఇద్దరూ కూచుని సరిచూసుకుంటే, కోతులకి పెట్టిన తిండి రకం, ఏ వయసులో మొదలుపెట్టారన్నది, పోలికకి పెట్టుకున్న కోతులు ఎంత తిన్నాయన్నది ఇవన్నీ తేడాకి కారణమని తేలింది. మనుషుల మీద 'కాలరీ' పేరుతో రెండేళ్ళ పరిశోధన జరిగింది. రెండు వందల పైచిలుకు మంది ఆరోగ్యవంతులు నాలుగో వంతు తిండి తగ్గించుకోవాలని లక్ష్యం. సగటున తగ్గించుకోగలిగింది 12 శాతం. రక్తపోటు, కొవ్వు వంటి గుండెజబ్బు సూచనలు మెరుగుపడ్డాయి. వాళ్ళకి రోజూ విటమిన్లు, ఖనిజాలు, కాల్షియం మాత్రలు ఇచ్చారు. అంత చేసినా తుంటి దగ్గర, వెన్నులో ఎముక సాంద్రత కొంత తగ్గింది.

ఈ ఫలితాల పక్కన మన ముత్తవ్వని నిలబెట్టి చూడండి. ఆవిడకి కడుపు నిండా తిని, అందులోంచి కొంత తగ్గించుకునే అవకాశం ఎప్పుడుంది? మాత్రలెవరిచ్చారు? ఏం తినాలో, ఎప్పుడు మానాలో ఆవిడని ఎవరడిగారు? సరే, ఇవన్నీ పక్కన పెట్టినా తొంభై ఏళ్ళ ముత్తవ్వ ఒక్కతే మనకి ఎందుకు కనిపిస్తుంది? ఆవిడతో పాటు విధవైన మిగతావాళ్ళు ఇరవైల్లో క్షయతోనో, ముప్ఫైల్లో జ్వరంతోనో పోయారు గనక. బతికి బట్టకట్టిన వాళ్ళని చూసి పద్ధతి మంచిదనడం, వరద తర్వాత నిలిచిన చెట్టుని చూసి వరద చెట్టుకి మేలు చేసిందనడం లాంటిది. 1992లో మార్తా చెన్, జాన్ డ్రెజ్ ఉత్తర భారత గ్రామాల్లో విధవల ఆరోగ్యం మీద రాసిన వ్యాసం ఈ లెక్కని తలకిందులు చేసింది. అదే వయసు సుమంగళుల కన్నా విధవల మరణాలు ఎక్కువ. ఒకరు కోరి చేసే ఉపవాసానికీ, మరొకరి నోటి ముందు నుంచి కంచం లాగెయ్యడానికీ తేడా ఉంది. ఆ తేడా ఒంటికి తెలుస్తుంది.

ఇప్పటిదాకా చెప్పింది బంతి ఉన్న ఇళ్ళ సంగతి. అసలు వండుకోవడానికి గింజలే లేని ఇళ్ళలో మొదటి బంతేమిటి, కడబంతేమిటి? దళిత రచయిత్రులు మన స్త్రీవాద వంటింటి మీద వేసిన ప్రశ్న ఇది. జాజుల గౌరి 2004లో తన కథల పుస్తకానికి 'మన్నుబువ్వ' అని పేరు పెట్టినప్పుడు ఆ రెండు మాటల్లోనే తిండి చరిత్ర మరో వైపు నుంచి మొదలైంది.

తెలంగాణలో, రాయలసీమలో పేదల తిండి జొన్న, సజ్జ, కొర్ర, రాగి. వరిబువ్వ పండగకి. ఇవాళ చిరుధాన్యాల మీద చాలా ప్రేమ పుట్టుకొచ్చింది. 2023ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. నగరాల్లో అందమైన పొట్లాల్లో అమ్ముతున్నారు. మంచిదే, పీచు ఉంటుంది, రాగిలో కాల్షియం బాగా ఉంటుంది. కానీ చరిత్రలో ఒక పేజీ మర్చిపోకూడదు. హైదరాబాదులో సి. గోపాలన్, శ్రీకాంతయ్య 1960లో జొన్న తినే పేదల్లో వచ్చే పెల్లాగ్రా జబ్బు గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతి చెదరడం దాని లక్షణాలు. మొక్కజొన్న తినేవాళ్ళకే వస్తుందనుకున్న జబ్బు జొన్న తినేవాళ్ళకీ వచ్చింది. జొన్నలో ల్యూసిన్ ఎక్కువ కావడం కారణమని వాళ్ళ వివరణ, దాని మీద తర్వాత వాదాలు నడిచాయి. వాదాలు ఎలా ఉన్నా ఒక సంగతి స్పష్టం. రొట్టెతో పాటు పప్పో, పాలో, మాంసమో తినేవాళ్ళకి ఆ జబ్బు రాలేదు. రొట్టె, కారం తప్ప మరేమీ లేని కూలివాళ్ళకి వచ్చింది. జొన్న మీద నేరం మోపడం ఎంత తప్పో, జొన్న ఒక్కటే ఔషధమన్నట్టు మాట్లాడటమూ అంతే తప్పు.

1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు కడుపు నిండిన వాళ్ళకి లేదు. దొర ఇంట్లో పండగనాడు మాత్రమే చూసిన తెల్ల బువ్వ తమ గుడిసెలో రోజూ ఉడకడం ఆ ఆడవాళ్ళకి ఆత్మగౌరవం. జొన్నలు దంచి, విసిరి, రొట్టె తట్టే పని తగ్గింది కూడా. కానీ కార్డు మీద బియ్యం వచ్చినంత సులువుగా పప్పు, నూనె, గుడ్డు రాలేదు. బియ్యం చవకై, మిగతావి ప్రియమై, పొలంలో జొన్నతో పాటు పండే కంది, పెసర, అనుము తగ్గి, కంచం తెల్లబడింది. ఇవాళ పల్లెల్లో నలభై ఏళ్ళ కూలి ఆడవాళ్ళకి షుగరు ఉందంటే ఆశ్చర్యపోయే రోజులు పోయాయి. చిన్నతనంలో కడుపు మాడ్చుకుని, నడివయసులో బియ్యంతో కడుపు నింపుకున్న ఒళ్ళు అది.

జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు 1990లలో చేసిన ప్రయత్నం ఇక్కడే గుర్తు చేసుకోవాలి. బీడు పడ్డ భూముల్లో జొన్న పండించి, ఊరి పేదలకి చవకగా పంచే గింజల నిధి పెట్టుకున్నారు. ఎవరు పేదలో ఊరివాళ్ళంతా కూచుని తేల్చుకున్నారు. చేలో ఎవరూ నాటకుండా మొలిచే తుమ్మికూర, దొగ్గలికూర లాంటివి కలుపు మొక్కలు కావనీ, తమ కూరగాయలనీ చెప్పారు. ఇనుము మాత్రల గురించి మాట్లాడే మనం ఆ ఆకుల జోలికి ఆలస్యంగా వచ్చాం. వాళ్ళు తిండిని ధాన్యం పేరుతో కాకుండా పొలం మొత్తంగా చూశారు.

ఇక పాల సంగతి. నాలుగేళ్ళ కిందట మా అమ్మ స్నానాలగదిలో చెయ్యి ఆనించి కూలబడింది. మణికట్టు విరిగింది. ఆవిడకి యాభై ఎనిమిదేళ్ళు. అంత చిన్న దెబ్బకి ఎముక విరగకూడదని వైద్యుడు పరీక్ష చేయించాడు. ఎముకలు గుల్లబారాయి.

"అమ్మా, మీరు పాలు తాగుతారా?" అని అడిగాడాయన.

"మిగిలితే తాగుతానండి," అంది మా అమ్మ.

ఆవిడ హాస్యానికి అనలేదు. మా ఇంట్లో ఎప్పుడూ రెండు గేదెలుండేవి. పాలు పితికేది, కాచేది, తోడు పెట్టేది, చిలికేది అమ్మే. పొద్దున్నే కేంద్రానికి పోయగా మిగిలినవి నాన్నకి కాఫీకి, తాతయ్యకి గ్లాసుడు, అన్నయ్యకీ నాకూ గ్లాసుడు. గడ్డ పెరుగు మగవాళ్ళకి. అమ్మ కంచంలోకి వచ్చేసరికి నీళ్ళు కలిపిన మజ్జిగ. ముప్ఫై ఏళ్ళు పాడి చేసిన మనిషికి కాల్షియం లోటు! నాకు మాత్రం గ్లాసుడు పాలిచ్చింది. అది ఆవిడ చేసిన స్త్రీవాదం. తనకి పోసుకోవడం మాత్రం ఆవిడకి తోచలేదు, తోచనివ్వలేదు.

ఆ తర్వాత నేను వీణా శత్రుఘ్న రాసినవి వెతికి చదివాను. జాతీయ పోషకాహార సంస్థలో శాస్త్రవేత్తగా పనిచేస్తూనే 1991లో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' పుస్తకం వెనక ఉన్న స్త్రీల బృందంలో ఆవిడ ఉన్నారు. ఆవిడా, సహ పరిశోధకులూ హైదరాబాదులో తక్కువ ఆదాయ కుటుంబాల నుంచి 30 నుంచి 60 ఏళ్ళ లోపు స్త్రీలు 289 మందిని పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించారు. తుంటి ఎముక మెడ దగ్గర సగం మందికి పైగా ఎముకలు పలచబడి ఉన్నాయి. 29 శాతం మందికి పూర్తిగా గుల్లబారాయి. వాళ్ళ తిండిలో కాల్షియం రోజుకి 300 మిల్లీగ్రాములు కూడా లేదు. ఎముక ముప్ఫై ఏళ్ళ లోపు కూడబెట్టుకునే ఆస్తి. ఆ తర్వాత ఖర్చే. ముట్లుడిగాక ఆ ఖర్చు జోరందుకుంటుంది. ఇరవైల్లో కూడబెట్టనివ్వని వాళ్ళకి యాభైల్లో ఖర్చు పెట్టుకోవడానికి ఏముంటుంది?

మరి ప్రభుత్వం లెక్కలో ఆడవాళ్ళకి ఎంత కావాలి? భారత వైద్య పరిశోధన మండలి పెద్దలకి సిఫారసు చేసే కాల్షియం చాలాకాలం 400 మిల్లీగ్రాములు. 2010లో 600 చేశారు. 2020లో 1000 చేశారు. అంటే మా అమ్మ వయసులో ఉన్నన్నాళ్ళూ, కాగితం మీద కూడా, ఇవాళ అవసరమంటున్న దానిలో సగం కన్నా తక్కువే. మరో లెక్క చూడండి. తిండి సర్వేల్లో కూచుని పనిచేసే మగవాడిని ఒకటిగా తీసుకుంటారు. అదే తీరు పని చేసే ఆడమనిషి 0.8. కుటుంబం మొత్తం తిన్నదాన్ని ఈ అంకెలతో భాగిస్తే తలా ఎంత తిన్నారో వస్తుంది. శరీర పరిమాణం బట్టి వేసిన అంకె కనుక దాన్ని తప్పు పట్టలేమంటారు. సరే. కానీ నీళ్ళు మోసి, బట్టలుతికి, పిల్లని చంకనేసుకుని వంట చేసే మనిషిది కూచుని చేసే పనా? కుండలో వండినదాన్ని ఇలా లెక్కప్రకారం భాగిస్తే కంచాల మధ్య తేడా మాయమవుతుంది. ఏ సర్వేలోనైనా ఆ తేడా తెలియాలంటే తినేటప్పుడు ఆఖరి కంచం పక్కన కూచోవాలి.

ఆ తేడా రక్తంలో మాత్రం దొరుకుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. పది మంది తెలుగు ఆడవాళ్ళు కూచుంటే ఆరుగురికి రక్తం చాలదు. అలసట, ఆయాసం, మతిమరుపు 'ఆడవాళ్ళకి మామూలే' అయిపోయాయి.

అమ్మ తిన్నది కూతురి ఒంట్లోకి ఎంతదూరం వెళుతుంది? ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ బృందం పుట్టినప్పటి బరువుకీ పెద్దయ్యాక వచ్చే గుండెజబ్బుకీ సంబంధముందని 1989లో చూపింది. అందుకు ఆధారమైన హర్ట్‌ఫర్డ్‌షైర్ పద్దు పుస్తకాలు 1911 నుంచి ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అనే ఆరోగ్య కార్యకర్త మంత్రసానులతో, నర్సులతో రాయించినవి. బిడ్డ బరువు తూచి రాసిన ఆ ఆడవాళ్ళ చేతిరాత లేకపోతే ఆ సిద్ధాంతం లేదు. మన దగ్గర హైదరాబాదు చుట్టుపక్కల 29 పల్లెల్లో 1987-90 మధ్య ఒక ప్రయత్నం జరిగింది. 15 ఊళ్ళలో అంగన్‌వాడీల ద్వారా గర్భిణులకీ, చిన్న పిల్లలకీ మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టారు. మిగతా 14 ఊళ్ళకి అప్పటికి ఆ పథకం రాలేదు. ఆ పిల్లలకి 13 నుంచి 18 ఏళ్ళు వచ్చాక వెళ్ళి పరీక్షించారు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితాలు వచ్చాయి. ఉప్మా పెట్టిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. షుగరుకి దారితీసే ఇన్సులిన్ నిరోధకత వాళ్ళలో సుమారు 20 శాతం తక్కువ. రక్తనాళాల బిరుసుతనమూ తక్కువే. తల్లికి గర్భంలోనూ, బిడ్డకి పసితనంలోనూ పెట్టిన గరిటెడు ఉప్మా పదిహేనేళ్ళ తర్వాత పిల్లల నరాల్లో కనిపించింది. ఇంతకన్నా పెద్ద చరిత్ర ఆధారం నా సాహిత్య పరిశోధనలో నాకెప్పుడూ దొరకలేదు.

2013లో ఉమ్మడి రాష్ట్రంలో 'ఇందిరమ్మ అమృత హస్తం', 2015లో తెలంగాణలో 'ఆరోగ్యలక్ష్మి' వచ్చాయి. గర్భిణులకీ బాలింతలకీ అంగన్‌వాడీలోనే ఒక పూట వేడి అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలు. ఇంటికి తీసుకెళ్ళడానికి కాకుండా అక్కడే కూచుని తినడానికి. ఈ చిన్న నియమంలో చాలా ఉంది. ఇంటికి తెచ్చిన గుడ్డు పిల్లాడి నోట్లోకో, మొగుడి కంచంలోకో పోతుందని దీన్ని రూపొందించిన వాళ్ళకి తెలుసు. పరిశోధన పని మీద అలాంటి ఒక అంగన్‌వాడీకి వెళ్ళినప్పుడు పది మంది ఆడవాళ్ళు వరసగా కూచుని తినడం చూశాను. మరొకరు వండగా, మరొకరు వడ్డించగా, అందరికన్నా ముందు, వేడివేడిగా. "పెళ్ళయ్యాక ఎసరు మీది నుంచి దింపిన అన్నం ఇక్కడే తిన్న," అంది ఒకామె. ఇరవై ఏళ్ళుంటాయేమో.

అయితే ఆ బంతిలో ఆమె ఎన్నాళ్ళు కూచుంటుంది? బిడ్డకి ఆరు నెలలు నిండేదాకా. ఆ తర్వాత ఆమె పేరు పుస్తకంలోంచి తీసేస్తారు. మళ్ళీ కడుపుతో ఉంటేనే మళ్ళీ భోజనం. ప్రభుత్వం కూడా ఆమెకి పెట్టేది ఆమె కడుపులో బిడ్డ కోసమే. పిల్లల్ని కనడం అయిపోయిన నలభై ఐదేళ్ళ కూలి మనిషికి, ముట్లుడుగుతూ ఎముక కరుగుతున్న కాలంలో, గ్లాసుడు పాలు ఏ పథకంలో ఉన్నాయి? ఇళ్ళలో మగవాళ్ళు ముందు తినే ఆచారాన్ని తిట్టినంత గట్టిగా ఈ లెక్కని మనం ఇంకా ప్రశ్నించలేదు. గుడ్డు, పాలు, పప్పు చౌకధరల దుకాణంలో బియ్యంతో పాటు ఇమ్మని స్త్రీల సంఘాలు అడగాలి. ఇంటి సర్వేలు కుండని కాకుండా కంచాన్ని కొలవాలని పరిశోధకులు అడగాలి.

నా వంతుగా డెబ్భై దాటిన ఆడవాళ్ళని కలిసి వాళ్ళ తిండి చరిత్ర రాసుకుంటున్నాను. ఏం వండేవారని అడిగితే గంటలు గంటలు చెబుతారు. గుత్తివంకాయలో ఏ పొడి వేసేవారో, పులస పులుసుకి ఏ చింతపండో, ఎవరికి ఏది ఇష్టమో. "మరి మీరేం తినేవారు మామ్మగారూ?" అని అడిగితే చాలామంది మాట ఆపేస్తారు. ఇంతవరకు ఇరవై ఒక్కమందిని అడిగాను. తనకి ఇష్టమైన కూర పేరు వెంటనే చెప్పినవాళ్ళు నలుగురు. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళుంటే ఈ ప్రశ్న మీరూ అడగండి. జవాబు రాకపోతే ఆ సంగతి కూడా రాసిపెట్టుకోండి.